తాత్కాలిక విడిది గృహాలు: గుర్తింపు తనిఖీకి, అతిథి గోప్యతకు మధ్య హద్దు

(ప్రత్యేక వ్యాసం)

కొంపల్లి: హైదరాబాద్ నుండి నాగపూర్ వెళ్ళే 44వ నెంబరు జాతీయ రహదారిపై సుచిత్ర కూడలి దాటిన కొద్ది దూరంలోనే కొంపల్లి మొదలవుతుంది. ఒకనాడు ద్రాక్ష తోటలకు పేరొందిన ఈ పరిసరాలు ఇప్పుడు కల్యాణ మండపాలకు, విల్లాలకు ప్రసిద్ధి చెందాయి. 2018లో పురపాలక సంఘంగా ఏర్పడిన కొంపల్లి, మేడ్చల్, తూంకుంట తదితర 26 పట్టణాలతో పాటు 2025 డిసెంబరులో మహానగర పాలక సంస్థలో విలీనమైంది. తూర్పున శామీర్‌పేట చెరువు, జింకల పార్కు, వాటి చుట్టూ రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు ఉన్నాయి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ ప్రాంగణం, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ పరిశోధన సంస్థలు కూడా ఈ దారిలోనివే. శ్రావణ, మాఘ మాసాల్లో ముహూర్తాలు కుదిరాయంటే కొంపల్లి నుండి మేడ్చల్ వరకు మండపాలన్నీ నిండిపోతాయి. బంధువులు రెండు మూడు రోజులు ఉండవలసి వస్తుంది. విద్యార్థుల తల్లిదండ్రులు వస్తారు. విదేశీ శాస్త్రవేత్తలు వస్తారు. వారాంతానికి నగరవాసులు వస్తారు. వీరందరికీ లాడ్జీలు చాలవు. అందుచేత ఫ్లాట్లను, విల్లాలను, ఫామ్‌హౌస్‌లను రోజువారీ అద్దెకు ఇచ్చే పద్ధతి ఇక్కడ వేళ్ళూనుకొన్నది.

లాడ్జిలో కౌంటరు ఉంటుంది, గుమాస్తా ఉంటాడు, రిజిస్టరు ఉంటుంది. విడిది గృహంలో చాలాసార్లు ఉండేది వాచ్‌మన్ ఒక్కడే. యజమాని వేరే ఊళ్ళో, ఒక్కోసారి వేరే దేశంలో ఉంటారు. మొబైల్ యాప్‌లో బుకింగ్ జరుగుతుంది, తలుపు తాళం సంకేత సంఖ్యతో తెరుచుకుంటుంది. ఈ ఏర్పాటులో రెండు విరుద్ధమైన లోపాలు పక్కపక్కనే కనిపించడం గమనార్హం. కొన్నిచోట్ల వచ్చినవారెవరో అడిగేవారే ఉండరు. మరికొన్నిచోట్ల కుటుంబంలోని పసిపిల్లలతో సహా అందరి ఆధార్ కార్డుల ఫొటోలు వాట్సాప్‌లో వాచ్‌మన్ ఫోనుకు పంపమంటారు. ఆ ఫొటోలు తరువాత ఏమవుతాయో అడిగేవారు ఉండరు.

తనిఖీ అవసరం ఎందుకు

హైదరాబాద్ నగరానికి ఈ విషయంలో చేదు అనుభవం ఉన్నది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో జరిగిన పేలుళ్ళలో 42 మంది మరణించారు. ఆ కేసులో 2018 సెప్టెంబరులో తీర్పు వెలువడినపుడు, ఇద్దరికి మరణశిక్షతో పాటు, నిందితులకు ఆశ్రయమిచ్చిన మరొకరికి యావజ్జీవ శిక్ష పడింది. 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్ళకు పాల్పడినవారు నగర శివారు అబ్దుల్లాపూర్‌మెట్‌లో అద్దె గదిలో దిగినట్లు జాతీయ దర్యాప్తు సంస్థ తేల్చింది. ఆ కేసులో 2016 డిసెంబరులో ఐదుగురికి ప్రత్యేక న్యాయస్థానం విధించిన మరణశిక్షను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఖరారు చేసింది. శివారులో అద్దెకు దొరికే గది, అడగని యజమాని అనే రెండు అంశాలపై పోలీసు యంత్రాంగం ఇంత పట్టుదల వహించడానికి నేపథ్యం ఇదే.

అయితే ఒక మాట ఒప్పుకోవలసి ఉన్నది. దురుద్దేశంతో వచ్చేవాడు నకిలీ కార్డు చూపిస్తే, దానిని జిరాక్సు తీసి ఫైలులో పెట్టడం వలన భద్రత సమకూరదు. కార్డును తీసుకోవడం వేరు, కార్డును సరిచూడడం వేరు. మన విడిది గృహాల్లో మొదటిదే ఎక్కువగా జరుగుతోంది.

బాటసారుల వివరాలు అడగడం కొత్త ఆలోచనేమీ కాదు. బ్రిటిష్ ఇండియాలో 1867లో వచ్చిన సరాయిల చట్టం, జిల్లా మేజిస్ట్రేటు లిఖితపూర్వకంగా కోరినపుడు గడచిన పగలు, రాత్రి సరాయిలో దిగినవారి గురించి నివేదిక ఇవ్వాలని నిర్వాహకుణ్ణి ఆదేశించింది. ఉల్లంఘనకు జరిమానా 20 రూపాయలకు మించదు. నిజాం సంస్థానం బ్రిటిష్ ఇండియాలో భాగం కానందున ఆ చట్టం అప్పట్లో మన ప్రాంతానికి సంబంధించినది కాదు. అయినా అందులోని ఒక అంశం నేటికీ ఆలోచించదగినది. అధికారి అడగాలి, అదీ రాతపూర్వకంగా అడగాలి, అప్పుడే వివరం చేతులు మారాలి.

విదేశీ అతిథుల విషయంలో

విదేశీయులకు సంబంధించినంతవరకు చట్టం సందేహానికి తావివ్వదు. 1946 నాటి విదేశీయుల చట్టం కింద, 1992 నియమావళి ప్రకారం, విదేశీయుడికి వసతి ఇచ్చినవారు 24 గంటల్లోగా ఆ సంగతిని రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. దీనినే అందరూ ‘ఫారం-సి’ అని పిలుస్తూ వచ్చారు. హోటలు అనే పదానికి ఆ నియమావళి ఇచ్చిన అర్థం విశాలమైనది. బోర్డింగ్ హౌసు, క్లబ్బు, విశ్రాంతి గృహం, పేయింగ్ గెస్టు వసతి, సరాయి మొదలుకొని ప్రతిఫలం తీసుకుని వసతి కల్పించే ప్రతి ప్రదేశం దాని పరిధిలోకి వచ్చింది. 2025 సెప్టెంబరు 1 నుండి పాత చట్టం స్థానంలో వలసలు, విదేశీయుల చట్టం-2025 అమలులోకి వచ్చింది. 1920, 1939, 1946, 2000 సంవత్సరాల నాటి నాలుగు చట్టాలు దానితో రద్దయ్యాయి. వసతి ఇచ్చినవారు సమాచారం అందించాలనే బాధ్యత మాత్రం కొత్త చట్టంలోనూ కొనసాగింది. వివరాలను ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా దాఖలు చేయవలసి ఉంటుంది.

కొంపల్లి, శామీర్‌పేట యజమానులు ఇక్కడే పొరబడుతుంటారు. జీనోమ్ వ్యాలీకి వచ్చే జర్మన్ శాస్త్రవేత్త విదేశీయుడని ఎవరికైనా తెలుస్తుంది. పెళ్ళికి డల్లాస్ నుండి వచ్చిన మేనమామ, తెలుగులోనే మాట్లాడుతూ తెలుగులోనే సంతకం చేసేవారు, అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే చట్టం దృష్టిలో ఆయన కూడా విదేశీయుడే. ప్రవాస భారతీయ పౌరుడి కార్డు, అనగా ఓసీఐ కార్డు, ఉన్నంత మాత్రాన ఆయన భారత పౌరుడు కాజాలడు. ‘మనవాళ్ళే కదా’ అని వదిలివేసిన పెళ్ళివారి విల్లాలో నలుగురు విదేశీ పాస్‌పోర్టుదారులు ఉండిపోయిన పక్షంలో, నలుగురి సమాచారమూ దాఖలు చేయవలసిందే. బుకింగ్ సమయంలోనే ‘అతిథుల్లో విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారెవరు?’ అనే ఒక్క ప్రశ్న వేస్తే ఈ చిక్కు తీరిపోతుంది.

భారతీయ అతిథుల విషయంలో దేశమంతటికీ వర్తించే ఇటువంటి ఒకే చట్టం లేదు. స్థానిక సంస్థల లైసెన్సు షరతులు, పోలీసు కమిషనర్లు వెలువరించే ఉత్తర్వులే ఆధారం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద (పూర్వపు 144వ సెక్షన్) వెలువడే ఉత్తర్వు సాధారణంగా రెండు నెలలకు మించి చెల్లదు. కనుక ఎప్పుడో అతికించిన కాగితాన్ని చూపి ‘పోలీసు రూలు’ అని చెప్పడం కుదరదు. ఆ ఉత్తర్వు అమలులో ఉన్నదా, ఏమి కోరుతున్నది అనేది సంబంధిత స్టేషన్‌లో విచారించుకోవలసి ఉంటుంది. 2025 డిసెంబరులో నగర కమిషనరేట్ల సరిహద్దులు పునర్వ్యవస్థీకరించిన దృష్ట్యా ఈ జాగ్రత్త మరీ అవసరం.

కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ పథకం కింద గుర్తింపు పొందే ఇళ్ళ పరిస్థితి వేరు. అక్కడ ఒకటి నుండి ఆరు గదుల వరకే అనుమతి ఉంటుంది, యజమాని కుటుంబంతో అదే ఇంట్లో నివసించాలి. అతిథి ఎవరో తెలియకపోవడం అనే సమస్య అక్కడ పెద్దగా తలెత్తదు. యజమాని లేని ఫ్లాటే అసలు చిక్కు.

ఆధార్ జిరాక్సు

‘ఆధార్ లేనిదే గది ఇవ్వం’ అనే మాట శివారు విడిది గృహాల్లో తరచు వినిపిస్తుంది. ఈ మాటకు చట్టం మద్దతు లేదు. గోప్యత రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా ప్రకటించింది. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో, ప్రైవేటు సంస్థలు ఒప్పందం పేరిట ఆధార్ ధ్రువీకరణ కోరడానికి వీలు కల్పించిన 57వ సెక్షన్ భాగాన్ని కొట్టివేసింది. ఆ తరువాత 2019లో జరిగిన చట్ట సవరణ, ఆఫ్‌లైన్ పద్ధతిలో ఆధార్‌ను సరిచూసే సంస్థలకు స్పష్టమైన హద్దులు గీసింది. వ్యక్తి సమ్మతి తీసుకోవాలి. ఆధార్‌కు బదులు ఏయే గుర్తింపులు చూపవచ్చో చెప్పాలి. ఆధార్ సంఖ్యను సేకరించరాదు, నిల్వ చేయరాదు. పాస్‌పోర్టు, ఓటరు గుర్తింపు కార్డు, డ్రైవింగ్ లైసెన్సులలో ఏది చూపినా గుర్తింపు గుర్తింపే.

2022 మే నెలలో విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ బెంగళూరు కార్యాలయం, హోటళ్ళకు, సినిమా హాళ్ళకు ఆధార్ ప్రతులు ఇవ్వవద్దని ప్రజలను హెచ్చరిస్తూ ప్రకటన చేయగా, అది అపార్థాలకు దారితీస్తుందని కేంద్రం రెండు రోజుల్లోనే దానిని ఉపసంహరించింది. ఆ గందరగోళంలో ప్రజల మనస్సులో నిలిచింది ఒక్కటే: ‘మాస్క్‌డ్ ఆధార్’ అనేది ఒకటున్నదని. మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా చివరి నాలుగు అంకెలు మాత్రమే చూపే ఈ ప్రతిని సంస్థ వెబ్‌సైట్ నుండి ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఆధార్‌పై ఉన్న క్యూఆర్ సంకేతం డిజిటల్ సంతకంతో కూడినది. దానిని సంస్థ యాప్‌తో స్కాన్ చేస్తే కార్డు అసలుదో నకిలీదో క్షణంలో తేలిపోతుంది. 2025 నవంబరులో విడుదలైన కొత్త ఆధార్ యాప్‌లో, అవసరమైన వివరాలను మాత్రమే ఎంచుకుని చూపే సౌకర్యం కూడా కల్పించారు. జిరాక్సు కంటే ఈ పద్ధతి భద్రతకూ మేలు, గోప్యతకూ మేలు. వాచ్‌మన్‌కు దీనిని నేర్పడానికి పది నిమిషాలు చాలు.

ఒక కాగితం ముక్క బయటకు పోతే ఏమవుతుందని తేలికగా తీసుకునేవారికి రెండు స్థానిక ఉదంతాలు తెలియాలి. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి, భూముల రిజిస్ట్రేషన్ పత్రాలపై ఉన్న వేలిముద్రలను వెబ్‌సైట్ నుండి తీసుకుని, రబ్బరుతో నకలు చేసి, వేలాది సిమ్ కార్డులను ఇతరుల పేరిట చాలు చేశాడు. తమ పేరు మీద సిమ్ ఉన్నదని ఆ మనుషులకు తెలియనే తెలియదు. తమ పేరిట ఎన్ని కనెక్షన్లు ఉన్నవో చూసుకునే వీలును తరువాతి కాలంలో కేంద్ర టెలికం శాఖ ‘సంచార్ సాథీ’ పోర్టల్ ద్వారా కల్పించింది. రెండవ ఉదంతం ప్రభుత్వ వ్యవస్థకే సంబంధించినది. పౌరుల ఫిర్యాదులకు, ఆపద సమయపు సహాయానికి, అద్దెదారుల వివరాల నమోదుకు ఉద్దేశించిన పోలీసు యాప్ ‘హాక్ ఐ’ నుండి 2024లో పౌరుల సమాచారం చోరీకి గురై అమ్మకానికి వచ్చింది. రాష్ట్ర సైబర్ భద్రతా విభాగం జూన్ నెలలో ఒక యువకుణ్ణి అరెస్టు చేసింది. పోలీసు శాఖ సర్వరుకే ఈ గతి పట్టినపుడు, వాచ్‌మన్ ఫోను గ్యాలరీలో పడి ఉన్న ఫొటోల సంగతి చెప్పనక్కరలేదు.

రిజిస్టరు ఎవరు చూడవచ్చు

గోప్యత అనగానే సంపన్నుల సుఖాలకు సంబంధించినదిగా కొందరు భావిస్తారు. అది సరికాదు. పెద్దలకు ఇష్టం లేని వివాహం చేసుకున్న జంట ఏ గదిలో ఉన్నదనే సమాచారం కొన్ని సందర్భాల్లో ప్రాణాలకే ముప్పు తెస్తుంది. 2018లో మిర్యాలగూడలో జరిగిన కులాంతర వివాహ హత్య రాష్ట్రమంతటినీ కలచివేసింది. అదే సంవత్సరం మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు, మేజర్లయిన ఇద్దరి వివాహ నిర్ణయంలో కుటుంబానికి గాని, కులపెద్దలకు గాని జోక్యం చేసుకునే అధికారం లేదని స్పష్టం చేసి, అటువంటి జంటలకు రక్షణ గృహాలు ఏర్పాటు చేసే విషయం పరిశీలించాలని ఆదేశించింది. రిజిస్టరులోని పేరును ‘మా అమ్మాయి ఇక్కడ దిగిందా?’ అని వచ్చిన మేనమామకో, ఊరి పెద్దకో చూపించే వాచ్‌మన్ తెలియకనే పెద్ద ప్రమాదానికి దారి తీయగలడు. రిజిస్టరు బల్ల మీద తెరిచి ఉంచి, పై వరుసలో ఉన్నవారి పేర్లు, ఫోను నెంబర్లు కింద రాసేవారికి కనిపించే అలవాటు మన లాడ్జీలలో తరతరాలుగా ఉన్నది. దీనిని మానుకోవడానికి చట్టం అక్కరలేదు, ఒక అట్టముక్క చాలు.

పెళ్ళి కాని జంటకు గది ఇవ్వడం నేరమనే భావన కూడా విస్తృతంగా ఉన్నది. కోయంబత్తూరులో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌ను అధికారులు ఈ కారణం మీద మూసివేయగా, మేజర్లయిన స్త్రీ పురుషులు ఒక గదిలో ఉండడాన్ని నిషేధించే చట్టమేదీ లేదని మద్రాసు హైకోర్టు 2019 డిసెంబరులో తేల్చి, తాళాలు తీయించింది. అది వేరే రాష్ట్రపు తీర్పే అయినప్పటికీ, అందులోని తర్కం సర్వీస్ అపార్ట్‌మెంట్లు పెరుగుతున్న కొంపల్లికి అచ్చంగా సరిపోతుంది. అతిథి మేజరా కాదా అన్నది యజమాని చూడవలసిన విషయం. పెళ్ళి ధ్రువపత్రం అడగడం అతని పని కాదు. అతిథుల్లో మైనర్లు ఉంటే వారితో వచ్చిన పెద్దలెవరో తెలుసుకోవలసిన బాధ్యత మాత్రం తప్పనిసరిగా ఉన్నది.

మరి పోలీసులు అడిగితే? దర్యాప్తులో అవసరమైన పత్రాన్ని హాజరుపరచాలని రాతపూర్వకంగా కోరే అధికారాన్ని నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ (పూర్వపు 91) స్టేషన్ అధికారికి ఇస్తున్నది. ఆ కాగితం ఉంటే యజమానికీ రక్షణే. కేసు సంఖ్య గాని, రాత గాని లేకుండా నెలకొకసారి అతిథుల జాబితా మొత్తం ఫొటో తీసుకుపోవడం మంచి సంప్రదాయం అనిపించుకోదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం హోటలు రిజిస్టర్లను పోలీసులు కోరినప్పుడల్లా చూపాలని ఆర్డినెన్సు చేయగా, అభ్యంతరం చెప్పుకునే అవకాశం యజమానికి లేనందున అది చెల్లదని ఆ దేశపు సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పింది. యూరప్‌లోనూ ఇదే ఊగిసలాట కనిపిస్తుంది. స్పెయిన్‌లో 2024 డిసెంబరు నుండి వసతి నిర్వాహకులు అతిథుల వివరాలు మరింత విస్తృతంగా ప్రభుత్వానికి పంపవలసి వచ్చింది. మరుసటి సంవత్సరమే, వివరాలు తీసుకోవచ్చు గాని గుర్తింపు కార్డు నకలు అడగరాదని అక్కడి సమాచార పరిరక్షణ సంస్థ స్పష్టం చేసింది. ఇటలీ హోం మంత్రిత్వ శాఖ 2024 నవంబరులో, తాళంచెవిని పెట్టెలో పెట్టి అతిథిని చూడకుండానే లోపలికి పంపే పద్ధతి సరిపోదని, మనిషిని కార్డుతో పోల్చి చూడాలని ఆదేశించగా, అది కోర్టు వివాదానికి దారితీసింది.

కెమెరాలు

ద్వారం వద్ద, వాహనాలు నిలిపే చోట కెమెరా పెట్టడాన్ని ఎవరూ ఆక్షేపించరు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చర్యల చట్టం, జనం అధికంగా వచ్చే సంస్థల్లో కెమెరాలను తప్పనిసరి చేసి, 30 రోజుల దృశ్యాలను భద్రపరచమన్నది. గది లోపలికి వచ్చేసరికి కథ మారుతుంది. ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ 2024 ఏప్రిల్ 30 నుండి ప్రపంచవ్యాప్తంగా ఇళ్ళ లోపల కెమెరాలను, అవి ఆపివేసి ఉన్నా సరే, నిషేధించింది. మన చట్టంలో భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద, ఏకాంతంలో ఉన్న మహిళను రహస్యంగా చూసినా, చిత్రీకరించినా మొదటిసారి ఒకటి నుండి మూడేళ్ళ వరకు, మళ్ళీ చేస్తే మూడు నుండి ఏడేళ్ళ వరకు జైలు శిక్ష ఉన్నది. సమాచార సాంకేతిక చట్టం 66-ఈ సెక్షన్ స్త్రీ పురుషులిద్దరికీ రక్షణ ఇస్తుంది. 2025 జనవరిలో మేడ్చల్ సమీపంలోని కండ్లకోయలో ఒక కళాశాల వసతిగృహపు విద్యార్థినులు, స్నానాల గదుల్లో తమను చిత్రీకరించారన్న అనుమానంతో రాత్రివేళ ఆందోళనకు దిగిన సంగతి పాత్రికేయులకు విదితమే.

రానున్న బాధ్యతలు

డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందింది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది. సమాచారం సేకరించేవారి ప్రధాన బాధ్యతలు ఆ నోటిఫికేషన్ ప్రకారం 18 నెలల తరువాత, అనగా 2027 మే నెలలో అమలులోకి రావలసి ఉన్నది. ఎందుకు తీసుకుంటున్నామో ముందుగా చెప్పాలి, అవసరం తీరాక తొలగించాలి, సమాచారం బయటకు పొక్కితే సంబంధిత వ్యక్తికీ, బోర్డుకూ తెలియజేయాలి. తగిన భద్రత కల్పించని పక్షంలో జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. రెండు గదుల ఫ్లాటు యజమానిపై ఇంతటి జరిమానా పడుతుందని కాదు. ఉల్లంఘన తీవ్రతను బట్టి బోర్డు నిర్ణయిస్తుంది.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఈ చట్టం డిజిటల్ సమాచారానికి మాత్రమే వర్తిస్తుంది. కాగితపు రిజిస్టరులో కలంతో రాసిన పేరు దాని పరిధిలోకి రాదు. అదే పుటను ఫోనుతో ఫొటో తీసిన మరుక్షణం వస్తుంది. అందువలన చిన్న యజమానులకు పాత పద్ధతే సులువు కావచ్చు. అట్ట వేసిన రిజిస్టరులో అతిథి పేరు, ఊరు, ఫోను నెంబరు, వచ్చిన సమయం, వెళ్ళిన సమయం, చూపిన గుర్తింపు కార్డు రకం, దాని చివరి నాలుగు అంకెలు, ‘అసలు కార్డు చూశాను’ అని చూసినవారి సంతకం నమోదు చేయవచ్చు. విదేశీయుల దాఖలా సంఖ్యకు మరొక గడి కేటాయిస్తే సరిపోతుంది. రిజిస్టరు ఉండవలసినది తాళం వేసిన సొరుగులో. అతిథి తన కార్డు దుర్వినియోగమైనట్లు గుర్తిస్తే 1930 నెంబరుకు, గదిలో రహస్య కెమెరా కనిపిస్తే దానిని కదిలించకుండా 112కు ఫోను చేయవచ్చు.